లాగొద్దన్న ఎర్ర పిడి

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఒక అడవిపంది ప్రాణాలు దక్కించుకుంటుంది, పద్దెనిమిది మంది మగాళ్ళు చెట్లెక్కుతారు, ఒక బడిపంతులు వెదురు కట్టెకు వేలాడుతూ ఊళ్ళోకి వస్తాడు. ఆ పంతుల్ని నేనే. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. మా ఆవిడ ఇరవయ్యేళ్ళుగా నవ్వుతూనే ఉంది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. రెండువేల మూడో, నాలుగో సంవత్సరం. అరకు దాటి పెదబయలు వైపు వెళుతూ, తారురోడ్డు వదిలి కొండెక్కితే ఒక చిన్న ఊరు వస్తుంది. పేరు చెప్పను. చెబితే మీరు వెళ్ళి అడుగుతారు, వాళ్ళు నాకంటే బాగా చెబుతారు. ఆ ఊరి బడికి నేనే హెడ్మాస్టర్ని, నేనే గంట కొట్టేవాణ్ణి. మా ఆవిడ సుభద్ర చుట్టుపక్కల నాలుగూళ్ళకీ నర్సు. ఇద్దరం విజయనగరం వైపు వాళ్ళమే. పెళ్ళయి ఏడాది.

నాకో గేర్ల సైకిలుండేది. లావు టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు, కొండదారుల్లో తొక్కడానికే పుట్టిన సైకిలు. పెళ్ళికి ముందు కొనుక్కున్నాను కాబట్టి సుభద్ర దాన్ని "పెద్ద పెళ్ళాం" అనేది. బడి వదిలాక కొండ మీది నుంచి రోడ్డు దాకా రాళ్ళ మీద ఎగురుకుంటూ దిగడం, మళ్ళీ తోసుకుంటూ ఎక్కడం. ఎందుకని అడక్కండి. ఊరంతా అదే అడిగేది.

ఒకరోజు పసుపుచేను మలుపులో సైకిలు ఎడమకి తిరిగింది, నేను తిరగలేదు. వెల్లకిలా వెళ్ళి ఒక బండరాయి మీద పడ్డాను. ఆ దారినే వస్తున్న సోంబరు తాత నన్ను పసుపు బస్తాలా వీపున వేసుకొచ్చి మంచం మీద దింపాడు. తాతకి అప్పటికే డెబ్బై. ఊరికి పెద్ద, వేటకి పెద్ద, నాకు ఉచిత సలహాల్లోనూ పెద్ద.

పదిరోజులు వీపుకి కాపడాలు పెట్టింది సుభద్ర. పెడుతూనే అంది.

"ఏటండీ, ఆ రాయి కొండ పుట్టినకాడ్నించీ అక్కడే ఉంది. కొత్తగా వచ్చింది మీరే."

"రాయి కనిపించలేదే."

"రాయికి మీరు కనిపించుంటారు. ఇదిగో వినండి, ఇదే ఆకరు. వీపుకేదైనా అడ్డం పెట్టుకుని తొక్కండి. ఇంకొక్కసారి పడ్డారో, వచ్చే సంతలో బెల్లం దిమ్మల పక్కన పెట్టి ఆ సైకిలు అమ్మేత్తాను. నా మాట తెలుసు గదా?"

తెలుసు. సూది వేస్తానంటే వేసే మనిషి. వీపు పోతే పోయింది, సైకిలు పోతే నేనెలా బతకాలి?

సోంబరు తాత గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తూ పరిష్కారం చెప్పాడు. "గిడుగు కట్టుకో సారూ." వానల్లో నాట్లు వేసేవాళ్ళు వీపు మీద వేసుకుంటారు చూడండి, వెదురుబద్దలూ అడ్డాకులూ కలిపి అల్లింది, అది. "నేను అల్లిత్తాను. దున్నపోతు తన్నినా నీకు తెల్దు."

నేను నవ్వాను. బి.ఇడి. చదివినవాణ్ణి, గేర్ల సైకిలు వాణ్ణి, గిడుగు కట్టుకోవడమా! ఆ నవ్వుకి తర్వాత బాగానే చెల్లించుకున్నాను.

వీపు కుదుటపడగానే రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాను. హార్బరు దగ్గర ఒక కొట్టుంది. ఓడల వాళ్ళు వదిలించుకున్న సామానంతా అక్కడికే చేరుతుంది. కొట్టాయన అప్పలరాజు నా కథ విని జాలిపడి, లోపల్నుంచి ఒక బూడిదరంగు వీపుసంచి తెచ్చాడు.

"ఇదీ మీకు కావలసింది సార్. కొండల్లో సైకిలు తొక్కేవోళ్ళదే. ఈపు దగ్గర గట్టి పలక ఉంది సూడండి, దానెనక మెత్త. ఛాతీకో పట్టీ, నడుంకో పట్టీ. పడ్డా సంచి జారదు. నీళ్ళు తాగడానికి గొట్టం కూడా ఉంది."

తగిలించుకున్నాను. నా కొలత తీసుకుని కుట్టినట్టు అతుక్కుపోయింది. అప్పలరాజు షట్టరు లాగే ఇనపకొక్కెం తీసుకుని, నన్ను అటు తిరగమని, వీపు మీద ఠంగున ఒక్కటేశాడు.

"తగిలిందా?"

"చప్పుడు వినపడింది. దెబ్బ తగల్లేదు."

"మరింకేటి? పట్టికెళ్ళండి."

బుద్ధున్నవాడు అక్కడితో సంచి పట్టుకుని రైలెక్కేసేవాడు. నేను మాత్రం తల పైకెత్తాను. అటక మీద ఇంకొకటి వేలాడుతోంది. నిగనిగలాడే నారింజరంగు. బూడిదరంగు దానికి రెట్టింపుంది. ఎడమ భుజం పట్టీ దగ్గర, గుప్పిట్లో సరిగ్గా ఇమిడేంత, ఒక ఎర్ర పిడి.

"అదేటి?"

"అది మీకు పనికిరాదు సార్. మంచుకొండల మీద జారే ఆటలాడేవోళ్ళది."

"దానికీ వీపుపలక ఉందా?"

"ఉంది గానీ అది ఆరడుగులోడికి సేసింది. మీకు తొడల్దాకా వత్తాది. బరువు కూడాను. లోపల ఇనపసీసా ఒకటుంది."

"ఆ ఎర్ర పిడి ఎందుకు?"

అప్పలరాజు గొంతు తగ్గించాడు. "అది లాగకూడదంట."

"లాగితే?"

"ఏటవుద్దో నాకూ తెల్దు సార్. ఇచ్చినోడి బాస నాకు రాదు. ఆ పిడి సూపెట్టి, రెండు సేతులూ అడ్డంగా ఊపి 'నో నో నో' అన్నాడు. అందుకని నేనూ లాగలేదు, మా యావిడ్నీ లాగనియ్యలేదు."

అయిపోయింది. నా పని అక్కడే అయిపోయింది. ఇంత వయసొచ్చాక నా గురించి నాకొక నిజం తెలిసింది కాబట్టి మీకూ చెబుతున్నాను. నాకు ఏదైనా అమ్మాలంటే దాని గొప్పతనాలు చెప్పనక్కరలేదు, ముట్టుకోవద్దంటే చాలు. సంచి మీద ఒక బొమ్మ కూడా ఉంది. మంచు మీద ఒకడు చేతులు పైకెత్తి కూర్చుని నవ్వుతున్నాడు, వాడికి అటూ ఇటూ రెండు నారింజరంగు మబ్బులు. సాయంత్రపు మబ్బులనుకున్నాను.

"అదే ఇవ్వండి."

"సార్, నా మాటినండి. మీకు సరిపడింది బూడిదరంగుదే."

ఎక్కడైనా కొట్టువాడు అంటగట్టడం, కొనేవాడు వద్దనడం చూశాం. ఆరోజు కొట్టువాడు దణ్ణం పెట్టి వద్దంటున్నాడు, కొనేవాడు అటక ఎక్కుతున్నాడు. వ్యాపారే వద్దంటున్నాడంటే అది ఎంత గొప్ప వస్తువై ఉండాలి అని నా లెక్క. పోయేకాలానికి పుట్టే బుద్ధులకి లెక్కలు కూడా వచ్చునని అప్పుడు తెలియదు.

ఊళ్ళో దిగాక వారంరోజులు మా అరుగు మీద అదే చర్చ. సోంబరు తాత సంచిని కర్రతో పొడిచి చూసి, "ఇది పాముబుట్ట మూతలాటిది సారూ, తియ్యనంతసేపే మంచిది" అన్నాడు. బుద్రి అని, ఊరి ఆడవాళ్ళకి నాయకురాలు, అసలు మగవాళ్ళక్కూడా ఆవిడే నాయకురాలు, "లాగితే నీకు బుద్ధి వత్తాదేమో, ఓసారి లాగు సారూ" అంది. సుభద్ర లోపలి ఇనపసీసాని నర్సు కళ్ళతో చూసి పెదవి విరిచింది.

"ఇందులో గాలేదో బిగించినారు. మా ఆసుపత్రి సిలిండరుకి పిల్లలాగుంది. మీరు దీన్ని ముట్టకండి."

"ముట్టనే."

"మీ మొహం సూత్తే ఇప్పుడే ముట్టేసీలాగున్నారు." అంటూ కట్లు కట్టే గుడ్డ తెచ్చి ఆ పిడి చుట్టూ చుట్టి, పైన ప్లాస్టరు వేసేసింది. విరిగిన వేలికి కట్టినట్టు ఎంత శ్రద్ధగా కట్టిందో! రోజూ పొద్దున ఆ కట్టు చూసేవాణ్ణి. ప్లాస్టరు అంచు కొంచెం లేచేది. గోటితో ఇంకొంచెం లేపేవాణ్ణి. రెండువారాలకి పిడి మళ్ళీ బయటపడింది. నేనేమీ చెయ్యలేదు, చెమటకి ఊడిపోయిందని ఆవిడతో అన్నాను.

ఇంతలో ఇటుకల పండగొచ్చింది. తెలియనివాళ్ళకి చెప్పాలి. చైత్రమాసంలో విత్తనాలకి పూజచేసి, ఆ పండగరోజుల్లో మగాళ్ళంతా వేటకి పోతారు. మగపురుగన్నవాడు ఊళ్ళో కనబడకూడదు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురుబొంగు కట్టి, పాటలు పాడుతూ, వచ్చేపోయేవాళ్ళని ఆపి వసూళ్ళు చేస్తారు. సాయంత్రం వేటగాళ్ళు ఏదో ఒకటి పట్టుకొస్తే దింసా ఆడి ఎదురెళతారు. వట్టిచేతులతో వస్తే పేడనీళ్ళు. కుండలకొద్దీ కలిపి ముందే సిద్ధంగా ఉంచుతారు.

"మరి పంతుళ్ళకి మినహాయింపు లేదా?" అని బుద్రిని అడిగాను.

"ఉంది సారూ. నీకు రెండు కుండలు."

అందుకని నేనూ వేటకి బయల్దేరాను. వట్టిగా కాదు. సైకిలు తోసుకుంటూ, నారింజ సంచి తగిలించుకుని. వేటయ్యాక అడవి లోంచి కొండ దిగుతూ తొక్కొచ్చు కదా అని ఆశ. సుభద్ర గుమ్మంలో నిలబడి వేలు చూపించింది.

"గుర్తుంది గదా? పడ్డారో, సంతే."

తొడలదాకా వేలాడే ఆ పలక అడుగడుక్కీ తొడల వెనక తన్నుతుంటే కొండెక్కాను. భుజాలు ఊడి చేతిలోకొచ్చాయి. పైన సోంబరు తాత అందరినీ పొదల వెనక కూర్చోబెట్టి, నా దగ్గరికొచ్చి గుసగుసగా మూడు ముక్కలు చెప్పాడు.

"దగ్గొద్దు. లేవొద్దు. ఆ సంచి ముట్టొద్దు. పంది దిగే దారి ఇదే. ఎండ ఆ జీలుగుచెట్టు మీదకి వచ్చేసరికి వత్తాది."

ఎండ జీలుగుచెట్టు మీదకి రావడానికి మూడు గంటలు పట్టింది. మూడు గంటలు మాట లేదు, చుట్ట లేదు, దోమని కొట్టడానికి లేదు. ఉన్నది నేనూ, నా ఎడమ భుజం మీద ఆ పిడీ. ఖాళీగా ఉన్న చెయ్యి ఊరుకుంటుందా? ముందు వేలితో రాసింది. తర్వాత గుప్పిట్లోకి తీసుకుంది. ఒకడు దీన్ని ఇంత పని పెట్టుకుని చేశాడంటే లాగడానికే కదా, లాగకూడనిదానికి చెయ్యి పట్టేంత పిడి ఎందుకు పెడతాడు అని లోపల ఒక పెద్దమనిషి వాదిస్తున్నాడు. మొత్తం లాగొద్దు, వేలెడంత లాగి వదిలెయ్యి, గట్టిగా ఉందో వదులుగా ఉందో చూద్దాం అని ఇంకో పెద్దమనిషి రాజీ కుదిర్చాడు.

సరిగ్గా అప్పుడే పొద కదిలింది. దూడంత అడవిపంది, బురదతో, వయ్యారంగా దారి మీదకొచ్చి నిలబడింది. సోంబరు తాత విల్లు ఎక్కుపెట్టాడు. పద్దెనిమిది మంది ఊపిరి బిగబట్టారు.

నేను వేలెడంత లాగాను.

ఢాం!

ఆ వెంటనే ఉస్స్‌మని చెవుల పక్కన తుపాను. వెనక నుంచి ఎవరో నన్ను ఎత్తి కూర్చోబెట్టినట్టయింది. చూస్తే నాకటొకటి, ఇటొకటి, వడ్ల బస్తాలంత నారింజ బుడగలు! బొమ్మలోవి సాయంత్రపు మబ్బులు కావని అప్పుడర్థమైంది. మంచుకొండల మీద చరియ విరిగి మీదపడితే, ఆ పిడి లాగాలట. బుడగలు పొంగి మనిషి మంచులో కూరుకుపోకుండా పైకి తేలతాడట. ఇదంతా తర్వాతెప్పుడో సైన్యం నుంచి సెలవుకొచ్చిన మా ఊరి జవాను చెప్పాడు. చెబుతూ మధ్యలో మూడుసార్లు కూర్చుని నవ్వుకున్నాడు.

పంది పారిపోయే ముందు నన్నొక్క చూపు చూసింది. తనిఖీకొచ్చిన అధికారి నా హాజరుపట్టీని చూసే చూపది. తర్వాత లేదు. చుట్టూ చూస్తే మనుషులూ లేరు, అందరూ చెట్లమీదున్నారు. సోంబరు తాత బాణం ఒక పనసకాయకి గుచ్చుకుని ఊగుతోంది.

"ఏటి సేసినావు సారూ!" చెట్టుమీంచే అరిచాడు తాత.

"కొంచెమే లాగాను తాతా!"

"కొంచెం లాగితే ఇంతయింది. మొత్తం లాగితే కొండ లేచెళ్ళిపోను!"

పొద్దువాలే దాకా వెతికారు. పంది కాదు కదా, పిట్ట కూడా ఆ కొండమీద మిగల్లేదు. సోంబరు తాత, డెబ్బై ఏళ్ళలో ఒక్కసారీ వట్టిచేతులతో దిగని మనిషి, చుట్ట వెలిగించకుండా నోట్లో పెట్టుకుని నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఈ వేషంలో సుభద్ర కంటపడితే? సంచి విప్పుదామంటే బుడగల బిగువుకి పట్టీల గుండీలు బిగుసుకుపోయాయి, ఎంత లాగినా రావడం లేదు. సరే, వీళ్ళకంటే ముందే దిగి, దొడ్డిదారిన ఇంట్లో దూరి, కత్తెర వెతుక్కుందాం అనుకున్నాను. పడకుండా వెళితే చాలు, సైకిలు నాదే.

ఎవరూ చూడకుండా సైకిలెక్కాను.

తల అటూ ఇటూ తిరగదు. లోయ గాలి బుడగలకి తగిలి తెరచాపలా నన్ను కుడికి లాగుతోంది, బ్రేకులు ఎడమకి లాగుతున్నాయి. మొదటి మలుపులో ఒక మద్దిచెట్టుకి ఎడమ బుడగ తగిలి దారి మీదకి నెట్టింది. రెండో మలుపులో కుడి బుడగ ఇంకో చెట్టుకి తగిలి మళ్ళీ దారి మీదకే నెట్టింది. నిజం చెప్పొద్దూ, అంత బాగా నేనెప్పుడూ దిగలేదు. ఆహా, ఏం సంచి కొన్నానురా అనుకుంటుండగా ఎదురుగా రెండు పనసచెట్లు, మధ్యలో సైకిలు పట్టేంత సందు.

సైకిలు పట్టింది. అది వెళ్ళిపోయింది. నేను ఉండిపోయాను. రెండు బుడగలూ రెండు మానులకీ అదుముకుని, కాళ్ళు నేలకి జానెడెత్తులో, ఇరుక్కుపోయి వేలాడుతున్నాను. కింద ఎక్కడో పొదలో సైకిలు కూలబడిన చప్పుడైంది.

వేటగాళ్ళు దిగొచ్చేసరికి అలాగే ఉన్నాను. సోంబరు తాత నా చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండోసారి తిరిగాడు. చుట్ట వెలిగించాడు. మెల్లగా ఆయన భుజాలు ఊగడం మొదలెట్టాయి.

"ఒరే, వట్టి సేతులన్నారెవర్రా? ఇదిగో, ఉచ్చులో పడింది గదా వేట!"

"తాతా, ముందు సంచి విప్పించు."

"విప్పితే వేటేదీ? బేగి ఒక వెదురు నరకండ్రా!"

బతిమాలాను. హెడ్మాస్టరునని గుర్తుచేశాను. వినే నాథుడేడీ? చేతులూ కాళ్ళూ మెత్తటి తీగలతో కట్టి, వెదురుకి వేలాడదీసి, ముందు నలుగురూ వెనక నలుగురూ మోసుకుంటూ, డప్పు కొట్టుకుంటూ దింపారు. వెనకాల ఒకడు వంగిపోయిన చక్రంతో నా సైకిలు మోసుకొస్తున్నాడు.

ఊరి మొదట్లో వెదురుబొంగు దగ్గర ఆడవాళ్ళంతా కుండలతో నిలబడి ఉన్నారు. బుద్రి ముందుకొచ్చింది.

"ఏటి తెచ్చినారు?"

"పెద్ద జంతువు. మన కొండకి కొత్త" అన్నాడు తాత, మొహం ఏమాత్రం మార్చకుండా.

"మీసాలున్నాయేటి?"

"ఈ జాతికి ఉంటాయి."

"బతికుందా? కూత వినపడలేదు."

తాత నా డొక్కలో పొడిచాడు. "కూయి సారూ."

"నమస్కారం బుద్రమ్మా" అన్నాను.

ఆ తర్వాత ఐదు నిమిషాలు ఎవరూ నిలబడే స్థితిలో లేరు. కుండలు వాటంతటవే ఒలికిపోయాయి. ఆ నవ్వుల్లోంచి సుభద్ర పరుగెత్తుకొచ్చింది. మధ్యాహ్నం ఆ పేలుడు విన్నప్పట్నుంచీ అన్నం ముట్టలేదని తర్వాత తెలిసింది. వచ్చి నా నాడి పట్టుకుంది, కనురెప్పలు ఎత్తి చూసింది, సంచి కింద చెయ్యి దూర్చి వీపంతా తడిమింది. ఒక్క గీత లేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మరుక్షణం తుడిచేసుకుంది.

"పడ్డారా?"

"లేదే! ఆగాను."

"సైకిలు?"

"అది... పడింది."

"మీరు లేకుండా సైకిలు ఒక్కత్తే షికారుకెళ్ళి పడిందా? మాటంటే మాటే. శుక్రవారం సంతకి అమ్మేత్తాను."

అప్పుడు సోంబరు తాత అడ్డొచ్చాడు. ఆయన పరువు పోకుండా కాపాడిన జంతువుని కదా, కృతజ్ఞతుంటుంది.

"అమ్మడానికి నీదేటమ్మా? వేటలో దొరికింది ఊరందరిదీ. ఇంటింటికీ వాటా."

"సారుని ఏటి పంచుకుంటాం, ముదురు మాంసం!" అంది బుద్రి. "సైకిలు పంచండి."

పంచారండీ. అక్కడికక్కడే పంచారు. చక్రం బాగుచేయించాక ఇంటికో రోజు సైకిలు. మా ఇంటికి మంగళవారం వచ్చింది. మిగతా రోజుల్లో నా గేర్ల సైకిలు మీద రాగుల మూటలూ, చింతపండు బుట్టలూ ఊరేగుతుంటే నేను బడి కిటికీలోంచి చూస్తుండేవాణ్ణి. బుద్రి నెలతిరక్కుండా నాకంటే బాగా తొక్కడం నేర్చుకుంది. బుడగల గుడ్డ ఆవిడ విత్తనాల గాదెకి కప్పయింది. ఇక ఆ విదేశీ వీపుపలక సోంబరు తాత తీసుకున్నాడు. ఆరడుగుల మనిషి, సరిగ్గా సరిపోయింది. వానల్లో నాట్లప్పుడు దాన్నే వీపుకి కట్టుకుని మడిలో వంగేవాడు.

నాకు బదులుగా గిడుగు అల్లిచ్చాడు. మంగళవారం మంగళవారం అది కట్టుకుని కొండ దిగేవాణ్ణి. తర్వాత ఎన్నిసార్లు పడ్డానో సుభద్రకి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. దున్నపోతు తన్నినా తెలియదని ఆయన ముందే చెప్పాడు కదా.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. పిడి లాగనేల, కట్టెకి వేలాడనేల అని నేను కలుపుకున్నాను. అందుచేత కొండదేవతల సాక్షిగా, నన్నొక్క చూపు చూసిన ఆ పంది సాక్షిగా ప్రమాణం చేశాను. లాగొద్దన్న ఎర్రటి వస్తువు దేన్నీ ఈ జన్మకి లాగను.

ఈ ప్రమాణానికి ఇప్పటివరకు భంగం కలగలేదు. అరకు రైలెక్కినప్పుడల్లా ఆడవాళ్ళంతా కిటికీ పక్క సీటు కోసం పోట్లాడతారు. సుభద్ర మాత్రం నేరుగా వెళ్ళి, ఎర్రగా వేలాడుతుందే, రైలాపే ఆ ఆపద గొలుసు, దాని కింద కూర్చుంటుంది. రైలు దిగేదాకా నా చేతులు తన ఒళ్ళోనే పెట్టుకుంటుంది. చూసేవాళ్ళు ఈ వయసులో ఎంత ప్రేమో అనుకుంటారు.